వెదుళ్లగుంపుకు సైకిల్ దారి

నాకు ముక్కు మీద కోపం. సారపాకలో నా సైకిల్ షాపుకు వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. పంక్చర్ కోసం వచ్చేవాళ్లు కూడా "లాలన్న ఇయ్యాల ఎట్లున్నడు?" అని పక్క టీకొట్టులో కనుక్కుని మరీ వస్తారు. ముప్పై ఏళ్లలో నా అరుపులకు చలించని మనిషి ఒక్కడే, ముసలయ్య. నేను అరవడం అయ్యేదాకా ఊరుకుని, "చెయిన్‌కు ఇంత నూనె పెట్టు లాలూ" అంటాడు. ఇంకేం అరుస్తాం?

ముసలయ్య కోయవాడు. అరవై దాటాయి. అడవి లోపలి వెదుళ్లగుంపు ఆయన పుట్టిన ఊరు. పేపర్ మిల్లుకు వెదురు కొట్టే రోజుల్లో ఇరవై మంది కూలీలకు మేస్త్రీ. ఆ ఊళ్లో మొదటి సైకిల్ ఆయనదే. పదకొండు కిలోమీటర్లు, మూడు వాగులు, దారి నిండా రాళ్లు, వేర్లు. రోజూ తొక్కుకుంటూ రోడ్డెక్కేవాడు. గేర్లు లేని బండ సైకిల్. సగం రోజులు దానికి బ్రేకులు కూడా ఉండేవి కావు. నేను తిడితే, "కాళ్లున్నయ్ గదా" అనేవాడు.

పద్నాలుగేళ్ల కింద ఆ ఊరు లేచిపోయింది. రోడ్డు పక్కన ఇళ్లు వస్తాయి, కరెంటు వస్తుంది, దవాఖానా దగ్గరవుతుంది అని ఆఫీసర్లు అంటే ముప్పై ఇళ్లవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని దిగి వచ్చారు. చెప్పినవన్నీ వచ్చాయి, కాదనను. వాటితో పాటు వెనక అడవికి ఫారెస్టోళ్ల గేటు కూడా వచ్చింది. కాగితం ఉంటేనే లోపలికి పోవాలి.

ముసలయ్య భార్య జంపక్కను నేను వదినా అంటాను. ఆమెకు వెదుళ్లగుంపులో ఒక ఇప్పచెట్టు ఉంది. అక్కడ ఇంటింటికీ వాళ్ల చెట్లు వాళ్లకుంటాయి. కొత్త కోడలుగా వచ్చిన ఏడాదే అత్త ఆమె చెయ్యి పట్టుకుని పెరటి వెనక్కి తీసుకుపోయి, "ఇది నీది" అని చూపించిందట. మార్చి నెల రాగానే చెట్టు కింద ఊడ్చి, పొద్దు పొడవక ముందే రాలిన పూలు ఏరడానికి బుట్ట పట్టుకుని కూర్చునేది. ఇప్పుడు రోడ్డు పక్క కాలనీలో, మార్చిలో గుట్ట మీదినుంచి గాలి తిరిగితే చాలు, చేతిలో పని వదిలేసి వెనక గుమ్మంలో నిలబడుతుంది.

"నా చెట్టు రాలుస్తున్నది తమ్మీ" అంటుంది నాతో. "ఏరేటోళ్లు లేరు."

వినలేక ఒకసారి ముసలయ్య మీద విరుచుకుపడ్డాను. "ఏందన్నా, గేటు పక్కకెల్లి ఎంతమంది పోతలేరు? ఒక్క పూట వదినను తీస్కపోయి చూపియ్యరాదూ?"

"నా ఊరికి నేను దొంగలెక్క పోవాల్నా?" అన్నాడు.

రెండేళ్లుగా ఖమ్మం నుంచి, కొత్తగూడెం నుంచి ఆదివారం సైకిళ్లవాళ్లు రావడం మొదలైంది. మణికట్టంత లావు టైర్లు, నెత్తిన గిన్నెల్లాంటి టోపీలు. మొదట తల్లాడ వైపు మిర్చి చేల గట్ల మీద తొక్కేవాళ్లట. అది చప్పబడి ఇటు దిగారు. జామాయిల్ తోటల మధ్య ఎర్రమట్టి బాట, అది దాటితే గడ్డీ రాళ్లూ తప్ప ఇంకేం లేని బోడిగుట్ట, గుట్ట దిగితే టేకు అడవి. మంచి రోడ్డు వేసి పెడితే రాళ్లలో పడి దొర్లడమేంది అని నేను సణుగుతూనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, వాళ్ల సైకిల్ విప్పినప్పుడల్లా నా చేతులకు పండగే.

వాళ్లకు పెద్ద ప్రభాకర్ సార్, ఖమ్మంలో ఇంజినీరు. మంచివాడు. ఈ మార్చి నెలాఖరులో షాపుకు వచ్చి, "లాలన్నా, పన్నెండు మందికి పర్మిషన్ దొరికింది. పొద్దున పదకొండు లోపల బయటికి రావాలి. లోపల పాత ఊరేదో ఉందట, అక్కడిదాకా దారి చూపించే లోకల్ మనిషి కావాలి" అన్నాడు.

చేతి గ్రీజు తుడుచుకోకుండానే పరుగెత్తాను. నా మాట పూర్తి కాకముందే ముసలయ్య సైకిల్ బయటికి తీశాడు. జంపక్క మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "చెట్టు ఉన్నదో, కొట్టేసిండ్రో చూసి రా. గంతే చాలు నాకు" అంది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ప్రభాకర్ సార్ ముసలయ్యతో అన్నాడు. "మా వాళ్లు మెల్లగా వస్తారన్నా. నువ్వు ముందు పో. దారి చీలిన చోటల్లా మార్క్ చేసుకుంటూ పో."

"గంతే గదా" అన్నాడు ముసలయ్య.

పక్కనే ఎవరిదో బ్రేక్ బిగిస్తూ నేనూ విన్నాను. ఊరందరి మీదా అరిచే నా నోరు ఆ ఒక్క నిమిషం తెరుచుకోలేదు. అదే ఇప్పటికీ నన్ను తింటున్నది.

ఎందుకంటే, మా అడవి మనుషుల లెక్క వేరు. వెదురు కొట్టేవాళ్లు గానీ, తునికాకు కోసేవాళ్లు గానీ, ముందు పోయేవాడు దారి చీలిన చోట తాను పోని దారికి అడ్డంగా పచ్చికొమ్మ విరిచి వేస్తాడు. ఇటు రావద్దని దానర్థం. మా లంబాడీ తండాలోనూ అంతే. ఖమ్మంవాళ్ల పందేల్లో గుర్తు ఎక్కడుంటే అటే పోవాలి. ముసలయ్య మొదటి చీలిక దగ్గర కొమ్మ విరిచి, పద్ధతిగా, తప్పు దారికి అడ్డంగా వేసి పోయాడు. వెనక వచ్చిన పన్నెండు మందీ కొమ్మను చూసి, "ఇదిగో మార్క్!" అని దాని మీదినుంచి ఎగిరి అదే దారి పట్టారు.

ముసలయ్య వెనక్కి చూడలేదు. పద్నాలుగేళ్ల తర్వాత ఆ దారి కాళ్ల కిందికి వచ్చింది, ఎట్లా చూస్తాడు? తుప్పలు కమ్ముకున్నాయట, మొదటి వాగు గట్టు కూలిందట, అయినా ఏ రాయి దగ్గర లేచి తొక్కాలో కాళ్లకు గుర్తుందట. మూడో వాగు దగ్గర దిగాడు. వాగు దాటి చిన్న మిట్ట ఎక్కితే వెదుళ్లగుంపే. అందరూ వచ్చాక పోదామని నిలబడ్డాడు. సైకిల్ గంటల చప్పుడు లేదు, మాట లేదు. కేక వేశాడు. ఎవరూ పలకలేదు.

ఇప్పపూల కాలం. ఆ పూలంటే ఎలుగుబంట్లకు ప్రాణం. పొద్దుటిపూట చెట్ల కిందే ఉంటాయి. మొదటి చీలిక దగ్గరి రెండో దారి గుహలున్న రాళ్ల వైపు పోతుంది. ఇటు చూస్తే ఊరు వాగు అవతలే. పరుగున పోయి, చెట్టును చూసి, తిరిగి వస్తే ఐదే నిమిషాలు.

"మరి పోకపోతివి?" అని తర్వాత నేనే గద్దించాను.

"వాగు దాటితే మళ్ల తిరిగి రాకపోదును లాలూ" అన్నాడు.

వెనక్కి తిప్పాడు. చెమటలు కక్కుకుంటూ వెతికితే పన్నెండు మందీ రాళ్ల మధ్య మడుగులో కాళ్లు పెట్టుకుని, ఖర్జూరాలు తింటూ, ఫోటోలు దిగుతున్నారు. ఎలుగూ లేదు, ఏమీ లేదు.

"అన్నా, రూట్ అదిరింది! ఊరెక్కడ?" అన్నాడు ప్రభాకర్ సార్.

ముసలయ్య చెప్పాక ఆయన మొహం పాలిపోయింది. అప్పటికే పది దాటింది. ఒక్క అరగంట అని ముసలయ్య అడిగాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. గేటు టైము దాటితే ఇంకెప్పుడూ రానియ్యరని, ఇంకోసారి తప్పకుండా వద్దామని సార్ చేతులు పట్టుకున్నాడు. ఆ ఇంకోసారి రాలేదు. వాళ్లకు ఆ తప్పు దారే నచ్చింది. గేటు జోలికి పోకుండా బయటినుంచే ఆ మడుగుకు బాట దొరికిందట. ఫోన్లలో ఎక్కించుకుని ప్రతి ఆదివారం అక్కడికే పోతున్నారు.

ఆ రోజు ముసలయ్య వెంట ఇంటిదాకా నేనూ పోయాను. ఏ మొహం పెట్టుకుని పోయానో నాకే తెలియదు.

"చెట్టున్నదా?" అంది జంపక్క.

"వాగు దాకనే పోయిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "వాగు దాక పోతే వాసన రాలేదా?" అంది.

"వచ్చింది" అన్నాడు ముసలయ్య.

జంపక్క అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది. ముప్పై ఏళ్లలో ఆమె ఏడవగా నేను చూడలేదు. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. సిగ్గెందుకు, చెబుతున్నాను.

మర్నాడు షాపు మూసి గేటు దగ్గరికి పోయాను. అక్కడి వాచర్ ఒక కాగితం ఇచ్చాడు. లోపలికి ఒంటరిగా పోరాదు, ఇద్దరికి తగ్గకూడదు. మనిషికో సైకిల్, నడక లేదు, వెనక ఎక్కించుకోవడం లేదు. ఏ పని మీద అన్నచోట మూడే మాటలు అచ్చేసి ఉన్నాయి. సైక్లింగ్, ఫోటోలు, పరిశోధన.

"సొంతూరు చూసుకునేటందుకు అని లేదా?" అన్నాను.

"లేదన్నా" అన్నాడు పాపం. అతని మీద అరిచి ఏం లాభం?

కాగితం ముసలయ్య ముందు పెట్టాను. "సైక్లింగ్ అని కొడదాం. రెండో మనిషిని నేనొస్త. మోకాలు పోతే పోనీ."

ముసలయ్య దాన్ని నా చేతికే తిరిగిచ్చాడు. "రెండో పేరు నీది గాదు. జంపక్కది రాయి."

"నీకేమన్నా పిచ్చా? వదినకు సైకిల్ యాడొస్తది?"

"నేర్పిస్త" అన్నాడు.

మూల పడి ఉన్న లేడీస్ సైకిల్‌ను బాగుచేసి సీటు బాగా దించాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చీర కొంగు నడుముకు చుట్టి ఎక్కింది. ముసలయ్య సీటు పట్టుకుని వెంట పరుగు. పడ్డప్పుడల్లా మొదట మొగుణ్ణి, తర్వాత నన్ను, ఆపైన సైకిల్‌ను కోయలో తిట్టింది. మిల్లు డ్యూటీ దిగి పోయేవాళ్లు ఆగి నవ్వితే వాళ్ల సంగతి నేను చూసుకున్నాను. చెట్లన్నీ పూలు రాల్చేసి కాయలు కట్టాయి, కాయలూ రాలాయి, వానలు పడ్డాయి.

నిన్న సాయంత్రం ముసలయ్య చెయ్యి వదిలేశాడు. ఆమెకు తెలియదు. జామాయిల్ తోట పక్కన నేరుగా పోయింది, పోయింది, ఆపడం రాక బురదలో పడింది. ఇద్దరం పరుగెత్తాం. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతున్నది.

"ఇయ్యాల్టికి చాలు వదినా" అన్నాను.

ఆమె నా వైపు చూడనే లేదు. ముసలయ్యకు చెయ్యి చాచింది.

"మార్చికి ఎనిమిది నెలలే ఉన్నయి. లేపు నన్ను" అంది.