మావయ్య విప్పనివ్వని చక్రాలు

మా మావయ్య పోయాడు. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్నే పెరటి గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతూ అలాగే పక్కకి ఒరిగిపోయాడట. కబురు తెచ్చిన పక్కింటాయన కళ్ళు తుడుచుకుంటూ, "సాలా శాంతంగా ఎల్లిపోనాడమ్మా మీ మావ" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని ఆ ఒక్కమాట దగ్గర నవ్వేశాను. మా మావయ్యకీ శాంతానికీ ఏనాడూ పొత్తు కుదరలేదు. ఆయన పోయాడని విని ఖరగ్‌పూర్‌లో ఏడ్చినవాళ్ళు చాలామంది. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నవాడు మాత్రం ఒకడున్నాడు. వాడికి ఆ ఊపిరి కూడా దక్కకూడదనే ఇది రాస్తున్నాను.

మావయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. విజయనగరం వైపు నుంచి రైలు పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. రైల్వే కార్ఖానాలో ఆయన పనిచేసేది చక్రాల షాపులో. కాల్చిన ఇనప పట్టీని రైలు చక్రం మీదికి ఎక్కించడం పని. వేడికి సాగిన పట్టీ సులువుగా ఎక్కుతుంది, చల్లారేకొద్దీ చక్రాన్ని కరుచుకుంటుంది. ఆ పని గురించి చెప్పినప్పుడల్లా చివర ఒక మాట తగిలించేవాడు. "పగ కూడా ఇంతేనే గుంటా. ఏడి మీద ఎక్కించీయాల. సల్లారినాక మరి ఊడదు."

పాముది పన్నెండేళ్ళ పగ అంటారు. మావయ్యని చూస్తే పాము సిగ్గుపడును. చిన్నప్పుడు గోలీలాటలో మోసం చేసినవాడి పేరు ఆయనకి చివరిదాకా గుర్తుంది. కానీ ఒక సంగతి చెప్పాలి. నేను టైపిస్టుగా చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి నలుగురిలో నన్ను చులకన చేసి మాట్లాడాడు. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ పోనీలే అంది, నాన్న సర్దుకోమన్నాడు. మావయ్య ఒక్కడే అన్నం తింటున్న చెయ్యి ఆపి, "పేరేటి ఆడిది?" అన్నాడు. ఆ తర్వాత ఏమీ చెయ్యలేదు, చెయ్యనక్కర్లేకపోయింది. నా బదులు ఒక మనిషి కోపం తెచ్చుకున్నాడు, అది చాలు. ఆ రుణం నాకు ఈ జన్మకి తీరదు.

ఆయనకి కార్లంటే పిచ్చి. ఖరిదా పేటలో ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని, సెలవురోజుల్లో ఊళ్ళో ఉన్న నాలుగు కార్లూ బాగుచేసేవాడు. వాటిలో ఒకటి మిల్లాయనది. గోల్‌బజార్ దాటాక బియ్యం మిల్లు ఉంది, దాని యజమాని. మన జిల్లావాడే, వాళ్ళ తాతా మా తాతా ఒకే బండిలో వచ్చి దిగారని చెప్పుకునేవాళ్ళు. ఆయన కలకత్తా నుంచి ఒక ఇంగ్లీషు కారు తెచ్చాడు. రెండు తలుపులు, రెండు కార్బురేటర్లు, స్టార్టు చేస్తే వీధి కుక్కలు పరారు. ఊరి బయట యుద్ధకాలం నాటి పాత రన్‌వే ఉండేది. చలికాలం వస్తే కార్లున్నవాళ్ళంతా అక్కడ చేరి పందేలు వేసుకునేవాళ్ళు. సూటిగా వెళ్ళి, చివర నిలబెట్టిన తారు పీపాని చుట్టి, వెనక్కి రావాలి.

మిల్లాయన కలకత్తాలో ఎవరి కారుకో అల్లాయ్ చక్రాలు చూసొచ్చాడు. ఇనుము కాదు, అల్యూమినియం కలిపి పోతపోసినవి. తేలిక, వెండిలా మెరుపు. "నాకు అలాటివే కావాల, అంతకన్నా పెద్దవి కావాల" అన్నాడు. మావయ్య ఎగిరి గంతేశాడు. పాత పిస్టన్లు ఏరి, గిన్నెలు పోతపోసే వాళ్ళ కొలిమిలో కరిగించి, చక్రాలు పోతపోయించి, లేతు మీద తానే చెక్కాడు. దారిలో గుంతలకి దెబ్బతింటాయని రిక్షాలో అత్త పాత చీరల్లో చుట్టి తీసుకెళ్ళి రన్‌వే దగ్గరే బిగించాడు. చక్రానికీ పైన మడ్‌గార్డుకీ మధ్య వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. కారుని పైకి లేపి, కిందికి దింపి, మళ్ళీ చూసుకున్నాడు. జాగా బోలెడుంది.

ఒక్కటి చూసుకోలేదు. రైలు చక్రం తనంతట తాను కుడికీ ఎడమకీ తిరగదు. ఎటు తిప్పినా పట్టాయే తిప్పాలి. వయసంతా ఆ చక్రాలతో గడిపినవాడికి, కారు ముందుచక్రం స్టీరింగుతో పాటు పక్కకి తిరుగుతుందని తెలియకపోలేదు. కొలత తీసుకునే చేతికి మాత్రం ఆ అలవాటు లేదు. చక్రాల షాపు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటది.

మిల్లాయన ఎక్కి నడిపాడు. సూటిగా వెళ్ళినంతసేపూ కారు కారు కాదు, తూటా. మావయ్య పక్కన నిలబడి అత్తా నేనూ అరుస్తూనే ఉన్నాం. పీపా దగ్గర బ్రేకు వేసి స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి పెద్ద టైరు మడ్‌గార్డు అంచుకి పట్టేసింది. రబ్బరు చీలికలై లేచింది. కారు గడ్డిలోకి దొర్లుకుంటూ వెళ్ళి ఆగిపోయింది. మిల్లాయనకి చిన్న గీత కూడా పడలేదు. దిగి నడుచుకుంటూ వచ్చాడు.

తిట్టి ఉంటే మావయ్య పడేవాడు. తప్పు తనదే కదా. మిల్లాయన తిట్టలేదు, నవ్వాడు. అందరినీ పిలిచి మరీ నవ్వించాడు. "రైలోడి సేతికి కారిచ్చినాను, బుద్ధి నాది! ఈడికి సీదా తప్ప ఏటి తెల్సు? సీదా మేస్త్రీ!" అన్నాడు. అక్కడితో వదిలేసినా సరిపోయేది. నా కారుకి చేసినవి కాబట్టి నావే అని ఆ నాలుగు చక్రాలూ పట్టుకెళ్ళి, మిల్లు గేటు కమాను మీద వరసగా బిగించాడు. కింద బోర్డు, తెలుగులో, హిందీలో, బెంగాలీలో: సీదా మేస్త్రీ. మర్నాటికి రిక్షావాళ్ళ దగ్గర్నుంచి చేపలమ్మే దీదీల దాకా మావయ్యకి అదే పేరు. షాపులో తోటివాళ్ళు కూడా నోరు జారేవాళ్ళు. మావయ్య పనిలో తెచ్చుకున్న పేరంతా ఆ మూడు భాషల్లో కొట్టుకుపోయింది.

కార్ఖానాకి వేరే దారి ఉంది. మావయ్య రోజూ సైకిలు మీద ఆ గేటు ముందు నుంచే వెళ్ళేవాడు. "ఎందుకు మావయ్యా, కళ్ళబడకుండా పోరాదా?" అంటే, "రోజూ సూసుకోకపోతే మరిసిపోతానే. మరపు మునులకిచ్చినాడు దేవుడు, మనకివ్వనేదు" అన్నాడు. మిల్లాయన ఒకసారి మధ్యవర్తిని పంపాడు, మావయ్య వచ్చి తప్పయిందంటే దింపేస్తానని. ఆ మధ్యవర్తి మా ఇంటి వైపు మళ్ళీ రాలేదు.

కలకత్తాలో గుద్దేసి మూలన పడేసిన ఒక స్పోర్ట్స్ కారుని మావయ్య లారీ మీద తెచ్చుకున్నాడు. ఎలా కొన్నాడో అడక్కండి. ఆ తర్వాత అత్త మెడలో పసుపుతాడొక్కటే కనిపించేది. కొన్నేళ్ళు పట్టింది దాన్ని మనిషిని చెయ్యడానికి. మళ్ళీ చక్రాలు పోతపోయించాడు, అదే సైజు. కొంచెం చిన్నవి వేసుకోవచ్చు కదా అంది అత్త. "అంగుళం తగ్గిత్తే ఆడిది పైసెయ్యి అయిపోద్ది. సక్రం తగ్గదు. కారే తప్పుకోవాల" అన్నాడు.

కారు తప్పుకున్న రోజు నేనక్కడే ఉన్నాను. అత్త ముగ్గుపిండి తడిపి ఇస్తే, ముందు మడ్‌గార్డుల లోపలంతా పూశాడు. ఆరాక మా వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచాడు. బరువుకి స్ప్రింగులు అణగాలి కదా. "ఎక్కండర్రా, సిగ్గేటి" అంటూ సీట్లలో కొందరిని, డిక్కీలో కొందరిని, బానెట్ మీద అత్తనీ నన్నూ కూర్చోబెట్టి, స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాడు. ముగ్గు ఎక్కడ చెరిగిందో అక్కడ రేకు కోశాడు. మళ్ళీ పూత, మళ్ళీ మేము, మళ్ళీ కోత. ముగ్గు చెరగనిదాకా ఎవరినీ దిగనివ్వలేదు. పొయ్యి మీద పప్పు మాడిపోయిందని ఒకావిడ గోలపెడితే, "మాడనీయి, ఆడి కడుపు కూడా మాడాల కదా" అన్నాడు. కోసినచోట కొత్త రేకు వెడల్పుగా వంచి అతికించాడు. కారు చూడడానికి బుగ్గలు పూరించుకున్నట్టు ఉండేది.

ఆ చలికాలం రన్‌వే దగ్గరికి వెళ్ళి, మిల్లాయనని అందరిముందూ పందేనికి పిలిచాడు. మిల్లాయన దగ్గర అప్పటికి మరో కొత్త కారు ఉంది. "ఓడిపోతే ఏటిస్తావ్ సీదా మేస్త్రీ?" అన్నాడు. ఈ కారే ఇచ్చేస్తానన్నాడు మావయ్య. "మరి గెలిస్తే? నీ సక్రాలు దింపీమంటావా?" అని మిల్లాయన నవ్వాడు. "దింపొద్దు. నాను గెలిస్తే, నా నోటంట దింపమని సెప్పిందాకా అవి అక్కడే ఉండాల. పైడితల్లి మీద ఒట్టెయ్యి" అన్నాడు మావయ్య. పిచ్చి ముదిరిందనుకున్నారు అందరూ. మిల్లాయన పకపకా నవ్వుతూ తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. మన వైపు వాళ్ళకి ఆ తల్లి మీద ఒట్టంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

మొదట మిల్లాయనే ముందున్నాడు. పెద్ద చక్రాలకి పరుగు అందుకోవడం ఆలస్యం, అందుకున్నాక పట్టుకోవడం కష్టం. పీపా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిల్లాయన దూరంగా తిరిగాడు. మావయ్య పీపాకి ఆనుకున్నట్టే స్టీరింగు పూర్తిగా తిప్పేశాడు. ఏ చప్పుడూ రాలేదు. తిరిగి ఈ చివరికి ఒక కారుపొడవు ముందు వచ్చాడు. వచ్చి ఆగలేదు. దిగుతున్న మిల్లాయన చుట్టూ, స్టీరింగు పూర్తిగా తిప్పి, నెమ్మదిగా ఒక చుట్టు, ఇంకో చుట్టు తిరిగాడు. పాపమనిపించిందా అంటే అనిపించలేదు. ఇంకో చుట్టు తిరిగితే బాగుండుననిపించింది.

ఆ బోర్డు ఆ రోజే మాయమైంది, ఒట్టులో బోర్డు లేదు కదా. చక్రాలు మాత్రం ఉండిపోయాయి. అవి ఇప్పుడు మిల్లాయన ఓటమికి గుర్తు. రిక్షావాళ్ళు ఆ చోటుని ఓడిపోయిన గేటు అనసాగారు. ధాన్యం తెచ్చిన కొత్తవాళ్ళు అవేంటని అడిగితే, మిల్లు కూలీలే నవ్వుకుంటూ కథంతా చెప్పేవాళ్ళు. ఆయన కూతురి పెళ్ళికి, ఆ నాలుగు రోజులైనా దింపనివ్వమని మనుషులొచ్చారు. "అరిటాకులు కప్పుకోమనండి" అన్నాడు మావయ్య. కప్పుకున్నారు. మావయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని పెళ్ళికెళ్ళి, కడుపునిండా తిని, వస్తూ వస్తూ గేటు దగ్గర ఆగి, ఆకులు పక్కకి తప్పించి నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని మరీ వచ్చాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

కిందటి ఏడు ఒంట్లో బాగోనప్పుడు నేనే అడిగాను, "ఇంక చెప్పెయ్యరాదా మావయ్యా?" అని. "ఏటి సెప్పాల?" అన్నాడు అమాయకంగా. మళ్ళీ అడగలేదు.

నిన్న పెద్దకర్మ. భోజనాలు నడుస్తుండగా మిల్లాయన వచ్చాడు. నడుం వంగిపోయింది, మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. అత్త ముందు నిలబడి, "వదినా, అన్న ఎల్లిపోనాడు. మరిప్పుడు నువ్వు సెప్పు. నీ నోటంట వచ్చినా సాలు, దింపించీసుకుంటాను" అన్నాడు. వడ్డిస్తున్న గరిట పక్కన పెట్టాను. మెత్తబడుతుందేమోనని అత్త మొహంలోకి చూశాను.

"కూకో బాబూ, బోంచేసి ఎల్లు" అంది అత్త. "ఒట్టు ఆయనతో ఏసినావు. ఆయన్నే అడుగు."

మిల్లాయన మనవడి భుజం వదిలి, గోడనున్న మావయ్య పటం దగ్గరికి ఒక్కడే నడిచాడు. చేతులు కట్టుకుని, "దింపీమంటావా అన్నా?" అన్నాడు. పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశారు. అత్తా నేనూ కూడా, మావయ్య ఏమంటాడో విందామని, ఆ పటంకేసే చూస్తూ నిలబడ్డాం.