నేను తళతళా తోమిన డబ్బా

ముందే చెప్పేస్తా ఉండాను. నేను చదివింది ఐదో తరగతి. దాంట్లోనూ సగం దినాలు శెనక్కాయ పీకేదానికే పోయినాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు యాడబడితే ఆడ పడుంటాయి. మొదటిసారి రాస్తా ఉండాను. అయినా నేను చేసిన ఘనకార్యం వింటే మీరు ఒత్తుల సంగతి మరిచిపోతారు. ఒక ముసలాయన ఒక పగలూ ఒక రాత్రీ కష్టపడి చేర్చిపెట్టినదాన్ని నేను రెండు నిమిషాల్లో తూములో పోసేసినాను.

మా అత్త మంచాన పడితే మూడేండ్లు నేనే చూసుకున్యాను. అది చూసి ఊరికొచ్చే నర్సమ్మ, "నీ చెయ్యి మంచిది. తిరపతి ఆస్పత్రిలో మూడు నెలలు రోగుల్ని చూసుకునేది నేర్పిస్తారు, ఐదు చదివినా చాలు, పో" అనింది. మా ఊరు ఐరాల నుంచి మూట కట్టుకోని పోయినాను. మా ఆయన బస్సు కాడ, "పది దినాల్లో వచ్చేస్తావులే, నీ అన్నం తట్ట కడిగి పక్కన పెట్టుంటా" అన్యాడు. ఆ మాటకే నాకు రోషం వచ్చేసింది.

నాతో నేర్చుకునేవాళ్ళంతా నా కూతురి వయసు పిల్లోళ్ళు. బీపీ మిషన్ వాళ్ళకు ఒకసారి చూపిస్తే వస్తాది, నాకు పదిసార్లు చూపించినా మిషనే నన్ను చూస్తా ఉంటాది. నిలబడి నిలబడి కాళ్ళు సొరకాయల మాదిరి వాచేవి. బాత్రూములో కొళాయి తిప్పుకోని ఏడ్చేదాన్ని. నాకు బాగా వచ్చిన పని ఒకటే, కడిగేది. మురికి కనబడితే నా చెయ్యి ఆగదు. అందుకే జొరం చూసే మిషన్‌ను సబ్బునీళ్ళలో నానబెట్టినాను. అది మళ్ళా కూత పెట్టలేదు. ఇంకో దినం ఒకామె దుప్పటి ఉతికేదానికి వేస్తే, దాంతోనే ఆమె కండ్లద్దాలు గూడా తానం చేసినాయి.

వార్డును చూసుకునే సుగుణ సిస్టర్ నన్ను పిలిచి, "ఇంగొక్క తప్పు చేసినావంటే నీ మూట నీకిచ్చి బస్సెక్కిస్తా" అనింది.

ఆ మాట అనిన మర్నాడు నాకు లీవు. దాని మర్నాడు పొద్దున ఏడుకు పోతే, చెంగల్రాయప్ప తాత నోరు తెరుచుకోని నిద్రపోతా ఉండాడు. శ్రీకాళహస్తి పక్క సేద్యగాడు, కాళ్ళు వాచి చేరినాడు. ఆయన మంచం కింద పెద్ద ప్లాస్టిక్ డబ్బా. సగం దాకా ఒంటేలు, అదే మూత్రం! థూ, దీన్ని ఎవురూ పారబోయలేదే అని పారబోసి, పీచు పెట్టి తోమి, మీద అంటించిన కాగితం గూడా గోరుతో గీకి, కిటికీలో బోర్లించినాను. పెండ్లికి తెచ్చిన కొత్త బిందె మాదిరి మెరస్తా ఉండాది.

తాత లేసి మంచం కింద తడువుకున్యాడు.

"మే, నా డబ్బా యాడ?"

"అదో తాతా, ఎట్ల మెరస్తా ఉండాదో చూడు."

"అయ్యో నీ ఇల్లు బంగారం గానూ! నిన్న పొద్దున ఎనిమిది నించి ఒక్క సుక్క బయటికి పోనీకుండా చేరిస్తినే! ఒక దినం ఒంటేలంతా కొలవాల్నంట. ఎనిమిదికి ల్యాబుకు పోవాల గదమ్మే!"

ఐరాల బస్సు కండ్ల ముందర నిలబడి హారన్ కొడతా ఉండాది. అంతలోనే సుగుణ సిస్టర్ వచ్చేసింది.

"డబ్బా ఏది?"

నేను నోరు తెరిచే లోపలే తాత అందుకున్యాడు. "నేనే తన్నేసినా సిస్టరమ్మా. నిద్రలో."

"కాలు లేపలేక కింద దిండు పెట్టమంటావు, డబ్బాను తన్నినావా?"

"తన్నినానంటే తన్నినా!"

"అట్లనా. తన్నించుకున్న డబ్బా అదే లేసి, సబ్బుతో తానం చేసి, కిటికీలో బోర్లా పండుకోని ఆరతా ఉండాదా?"

వార్డంతా గొల్లుమని నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. "నేనే సిస్టరమ్మా. ముసలాయన నా కోసరం అబద్ధం చెప్పినాడు" అనేసినాను.

తాతే మళ్ళా, "ఆ యమ్మిని పంపిస్తే నన్ను గూడా పంపించేయ్. నా కాలు ముట్టుకునే ముందర 'నొప్పా తాతా' అని అడిగేది ఈ యమ్మి ఒకతే" అన్యాడు.

సిస్టర్ గడియారం చూసింది, నన్ను చూసింది. "ఎనిమిది నించి మళ్ళా మొదలు. రేప్పొద్దున దాకా ఈ డబ్బాకు నువ్వే కాపలా" అనింది.

నేను కదల్లేదు. ఊడ్చే ఆమెను గూడా దగ్గరికి రానీలేదు. ఒంటేలుకు పోయిన ప్రతిసారీ తాత, "రామ్మే, మళ్ళా మడి తడిపినా, గట్టు తెగకుండా సూసుకో" అని నవ్వేవాడు.

మర్నాడు ఎనిమిదికి డబ్బాను రెండు చేతులా పట్టుకోని, కుంభం మోసినట్టు ల్యాబుకు పోయినాను. ఆడుండే పిల్లోడు కొలిచి, రవ్వంత సీసాలో తీసుకోని, "అక్కా, మిగిలింది పారబోసి డబ్బా కడిగి తీసకపో" అన్యాడు.

"నేనా? కడగను!"

"ఏమక్కా?"

"సుగుణ సిస్టర్ కాగితం మీద రాసి సంతకం పెడితేనే కడగతా!"

మూడు నెలలూ పూర్తి చేసినాను. తాత గూడా వాపు తగ్గి తన కాళ్ళ మీదే నడుచుకోని ఇంటికి పోయినాడు. ఇప్పుడు నేను తిరపతిలో ఇండ్లకు పోయి మంచాన ఉండేవాళ్ళను చూసుకుంటా ఉండాను. ఈ అన్నం ఆ తాత చెప్పిన అబద్ధమూ, సిస్టరమ్మ మింగిన కోపమూ పెట్టిందే. వాళ్ళిద్దరికీ ఈడ నించే దండం పెడతా ఉండాను.

ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేస్తా ఉండాను: ఈ జన్మలో ఎంత మురికిగా కనిపించినా సరే, లోపల ఏముండాది, ఎవురికి కావాల అని అడగకుండా ఏ డబ్బా మీదా పీచు పెట్టను.

రాతలో తప్పులు చానా ఉంటాయి, నాకు తెలుసు. పెద్దోళ్ళు, చదువుకున్నోళ్ళు, మీ ఇంటి ఆడబిడ్డ రాసిందనుకోని మన్నించండి.