గుండు పోసే చెయ్యి

మొన్న కర్నూలులో కారు చక్రాలు సరిచేయించడానికి టైర్ల షాపులో కూర్చున్నప్పుడు, పనివాడు పాత చక్రం అంచు నుంచి పీకి పడేసిన బరువు ముక్క ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు పక్కన ఆగింది. వేలెడంత కూడా లేదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆ సైజుకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువు, గోటితో గీరితే లోపల తెల్లటి మెరుపు. సీసం. చల్లటి సీసానికి వాసన ఉండదంటారు, ఉండదు కూడా, అయినా ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు కాలిన మైనం, వేపకట్టె పొగ, మాడిన గొంగడి, అన్నీ కలిసిన వాసన వచ్చింది. దాని వెంబడే, యాభై దాటిన మనిషికి రాకూడనిది, మా అక్క మీద కడుపుమంట కూడా వచ్చింది.

మా ఊరు ఓర్వకల్లుకు పక్కనే, రాళ్ళగుట్టల మధ్య. మా అబ్బకు, అంటే మా నాయనను కన్నాయనకు, ఒక చిన్న రివాల్వరు ఉండేది. లైసెన్సుదే. మా సీమలో తుపాకీ అనగానే బయటివాళ్ళు కథలు అల్లుకుంటారు గానీ, మా అబ్బ తన జీవితకాలంలో దానితో పడగొట్టినవి ఎండిన సొరకాయలూ, నూనె డబ్బాలూ, ఒకసారి పొరపాటున మా అవ్వ గోడ మీద ఆరబెట్టుకున్న చేటా, అంతే. పట్నం నుంచి తెచ్చే తూటాలు ఆయనకు కొద్దిగానే దొరికేవి. వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసి, గుట్ట వెనక గురి చూసుకోవడానికి మాత్రం సీసపు గుండ్లు ఇంట్లోనే పోసుకునేవాడు. మందు దట్టించే పని గదిలో గడియ పెట్టుకుని ఒక్కడే చేసుకునేవాడు. ఆ గడప మేమెవరమూ దాటలేదు, దాటాలని నాకు అనిపించనూ లేదు. నాకు కావాల్సిందల్లా వాకిట్లో, అందరి ఎదుటా జరిగే పని.

దసరా ముందర, చేలల్లో చెనిక్కాయ, అదే వేరుశనగ, గట్టిపడే రోజుల్లో, గాలి మారి పొద్దుటిపూట పెదాలు పగలడం మొదలయ్యేసరికి అబ్బ వాకిట్లో మూడు రాళ్ళు పెట్టేవాడు. పండగనాడు ఆయుధపూజలో కొడవళ్ళూ, దున్నే మడకా, మోటారు స్పానరూ వరసగా పెట్టి బొట్లు పెట్టే చోట రివాల్వరు పక్కన కొత్తగా పోసిన గుండ్లు ఒక దోసెడు ఉండాలని ఆయన పట్టు. లోపల అవ్వ, అమ్మ శనగబేడలు ఉడకబెట్టి ఓళిగలకు పూర్ణం రుబ్బుతుంటే, అలసంద వడల నూనె వాసన వాకిలి దాకా వస్తుంటే, బయట ఇనుప మూకుడులో సీసం కరిగేది. ముందు మొండిగా, బూడిద రంగులో కూర్చునే ఉండేది. ఎంత సేపటికీ కదలని ఆ ముద్ద ఉన్నట్టుండి అంచుల్లో తడిసి, ఒక్కసారిగా జారిపోయేది. అబ్బ చిటికెడు మైనం వేసి, గుప్పున లేచిన మంట ఆరిపోయాక పైన తేలిన మడ్డిని పక్కకు తీస్తే, అడుగున అద్దంలాంటి సీసం కనిపించేది. దాన్ని చిన్న గరిటెతో ముంచి, పటకారులా రెండు పిడులున్న మూసలో సన్నటి ధారగా పోయాలి. ధార తెగకూడదు, చెయ్యి వణకకూడదు. మూస తెరిచి తడితే పాత గొంగడి మీద ఒక్కో గుండూ పడేది, చిటికెన వేలి గోరంత, కొత్తగా, మెరుస్తూ. ఆ మెరుపు ఒక్క పూటే. మర్నాటికి మసకబారిపోయేది. ఈ కాలపు తల్లులు వింటే గుండెలు బాదుకుంటారు గానీ, మా ఇంట్లో ఆ పొయ్యికి ఒక్కటే కట్టుబాటు ఉండేది, దగ్గరికి తడి రాకూడదు. నీటిచుక్క పడితే సీసం చిమ్ముతుంది. తలంటుకుని తడి జుట్టుతో తిరిగే ఆడపిల్లలకు అసలే ప్రవేశం లేదు.

ఆ కట్టుబాటే మా అక్కకు కలిసొచ్చింది. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. ఒక వేసవిలో దానికి విషజ్వరం వచ్చి మనిషి దక్కుతుందా లేదా అన్నట్టయితే, అమ్మ తన పుట్టింటి వైపు దేవుడైన ఒంటిమిట్ట రాములవారికి తలనీలాలు మొక్కుకుంది. జ్వరం తగ్గి, కాస్త నడిచే ఓపిక వచ్చాక, వానలు పడి విత్తనాలయ్యాక తీసుకుపోయి గుండు చేయించుకొచ్చారు. బడిలో పిల్లలు గుండూ గుండూ అని ఏడిపించారు. అక్క బడి మానేస్తానని స్తంభానికి ఆనుకుని ఏడుస్తూ కూర్చుంది. అబ్బ దాన్ని లేపుకొచ్చి పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టి, "ఎవురేమనుకుంటే నీకేమి పెద్దమ్మీ. గుండు పోసే పనికి గుండుండేదే కావాల. తడి గాదు, అంటుకోదు, ముందరికి పడదు" అని గరిటె దాని చేతికిచ్చాడు.

అంతే, అక్క ఏడుపు అక్కడ ఆగిపోయింది, నా ఏడుపు అక్కడ మొదలైంది. నాకేమో రెండు జడలు, పిరుదులు దాటి. వారానికి రెండుసార్లు అమ్మ ఆముదం పెట్టి కుంకుడుకాయతో రుద్దే జుట్టు. ఊరంతా మెచ్చుకునే ఆ జుట్టు వల్ల నేను పొయ్యికి ఆమడ దూరంలో నిలబడాల్సి వచ్చింది. నాకిచ్చిన పనేమిటో తెలుసా, గుట్ట వెనక మట్టికట్టలో దిగబడిన పాత గుండ్లను పుల్లతో తవ్వి ఏరుకు రావడం. పేలిన సీసమే మళ్ళీ కరిగేది, మళ్ళీ గుండయ్యేది. ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని, తొర్రలో వేలు పెట్టి, నలిగి చదునైన ముక్కలను లంగా ఒడిలో వేసుకుని నేను తెస్తే, అవి కరిగి మెరిసి మా అక్క చేతి కింద పుట్టేవి. మెప్పు దానికి. మన్ను నాకు.

పైగా అది తప్పు చేసినా ముద్దే. ఆ ఏడే తెలుగు అయ్యవారు తరగతిలో పద్యాల గురించి చెబుతూ "సీసానికి పాదాలెన్ని?" అని అడిగితే, మా అక్క లేచి నిలబడి, "సీసానికి కాళ్ళుండవు సార్, కరిగితే అదే పారతాది" అన్నదట. అదే మాట నేనని ఉంటే బెత్తం విరిగేది. అయ్యవారు నవ్వి సాయంత్రం ఇంటికొచ్చి చెప్పారు, అబ్బ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా, కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ఆ కథ చెప్పేవాడు. నేను పద్యాలన్నీ కంఠతా పట్టాను. ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక ఊరి చివర క్షౌరం చేసే సుంకన్న దగ్గరికి పోయి, చింతచెట్టు కింద రాయి మీద కూర్చుని, గుండు చెయ్యమన్నాను.

"మీ అమ్మ చెప్పిందా పాపా?"

"మొక్కుకుండాది" అన్నాను.

అక్కకు చేయించి ఎన్నాళ్ళో కాలేదు కదా, సుంకన్న నమ్మాడు. జడలు రెండూ మన్నులో పడ్డప్పుడు కొంచెం భయం వేసిన మాట నిజమే గానీ, గాలి నెత్తికి తగలగానే నాకు కనిపించింది పొయ్యి పక్కన పీట మాత్రమే. ఇంటికి పోతే అమ్మ చూసి వీపు మీద నాలుగు చరిచి, తర్వాత తనే గోడకు తల ఆనించుకుని ఏడ్చింది. అవ్వ ఏడవలేదు, భయపడింది. మొక్కు లేకుండా ఆడపిల్ల తల బోడి కావడం ఇంటికి కీడని ఆమె నమ్మకం. జడలు తెప్పించి పసుపు గుడ్డలో మూటగట్టి, నన్ను దేవుని గూటి ముందు నిలబెట్టి, "అయిందేదో అయిపాయ. ఇప్పుడన్నా దేనికో ఒకదానికి మొక్కుకోమే" అన్నది.

నేను కళ్ళు మూసుకుని, గట్టిగా, అందరికీ వినపడేటట్టు, "అక్కకు బిరీన జుట్టు రావాల సామీ" అని మొక్కుకున్నాను.

ఇల్లంతా కరిగిపోయింది. అమ్మ కొట్టిన వీపునే నిమిరింది. తోడబుట్టినదాని కోసం జుట్టిచ్చిన బిడ్డ ఏ ఇంట్లో ఉంటుందని అవ్వ వీధి వీధంతా చెప్పుకొచ్చింది. రాత్రి అన్నంలో నాకు అందరికంటే ఎక్కువ నెయ్యి పడింది. అక్కకు జుట్టొస్తే ఆ పీట ఖాళీ అవుతుందనీ, అప్పటికి ఇంట్లో గుండు నాదొక్కటే ఉంటుందనీ నేను వేసుకున్న లెక్క ఒక్క రాములవారికే తెలుసు.

ఆయన నా మొక్కు విన్నాడు. అక్కకు జుట్టు ఒత్తుగా, ముందుకంటే నల్లగా వచ్చింది. నేను మళ్ళీ గొరిగించుకుని మరీ, మరుసటి ఏడు దసరా ముందర పొద్దున్నే పోయి ఆ పీట మీద కూర్చున్నాను. అబ్బ నా నున్నటి తల మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. ఆ బరువు ఇప్పటికీ ఉంది. తర్వాత మెల్లగా, "ఊరగాయ కలిపే చెయ్యి మారిస్తే జాడీ చెడిపోతాది గదా చిన్నమ్మీ. దీనికీ అంతే. పెద్దదాని చెయ్యి కుదిరిండాది. నువ్వు పోయి సీసం ఏరకరాపో" అన్నాడు. అక్క పొట్టి జడలు రెండూ నెత్తి మీద ముడేసుకుని, పైన తువ్వాలు గట్టిగా చుట్టుకుని, వచ్చి కూర్చుంది. అంత సులువు. తువ్వాలు చుట్టుకోవచ్చని నాకు ఒక్కరూ చెప్పలేదు.

చెయ్యి ఎప్పటికీ మారలేదు. నాకు జుట్టొచ్చింది, మునుపటంత రాలేదు. అబ్బ పోయాక నాయన రివాల్వరు తీసుకుపోయి పోలీసు స్టేషనులో అప్పగించి వచ్చాడు. మూస పాతసామాన్లతో పోయింది, మూకుడు తుప్పు పట్టింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని తవ్విన మట్టికట్ట ఇప్పుడు ఏదో ఫ్యాక్టరీ ప్రహరీ లోపల ఉంది. గుట్టను సగం కంకర కొట్టుకుపోయారు, ఆ మిగిలిన సగం మీదుగా విమానాలు దిగుతున్నాయి. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టేవాళ్ళు ఊళ్ళోనే లేరు. అందరికీ గ్యాసు.

టైర్ల షాపు నుంచి వచ్చిన సాయంత్రం ఉండబట్టలేక కడపలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నోరు తెరిచి, ఆ పీట నాకెందుకు ఇవ్వలేదే అని అడగాలనుకున్నాను. ముందుగా, అబ్బ పొయ్యి జ్ఞాపకముందా అని కదిలించాను.

"అబ్బ పొయ్యి మీద ఏందో కరిగిస్తాండె గదా, ఇత్తడా?" అన్నది అక్క.

ఇత్తడట. ఏళ్ళ తరబడి నేను నిద్రలో కూడా కళ్ళముందు నిలుపుకున్న ఆ వాకిలిని, అందులో కూర్చున్న మనిషి ఎప్పుడో వదిలేసింది. అన్నీ దక్కినవాళ్ళకు మరిచిపోయే తీరిక ఉంటుంది కాబోలు. దాని మీద నాకు ఆ క్షణంలో పుట్టినంత అసూయ చిన్నప్పుడు కూడా పుట్టలేదు.

"ఆ జ్వరమొచ్చినాక చిన్నప్పటివి ఏవీ నాకు సరిగా జ్ఞాపకం లేవు మే. నీకే అన్నీ గుర్తుంటాయి. చెప్పు, ఇంటా" అన్నది.

చెప్పాను. వేపకట్టెలు, మైనం, గొంగడి, మూస, ధార తెగకుండా పోయడం, గుండు పడేటప్పటి మెరుపు, అన్నీ. అది ఊ కొడుతూ, మధ్యలో కూరకు ఉప్పెంతో కోడలికి చెబుతూ, మొత్తం విన్నది. చివర్లో అడిగింది.

"మరి సీసం పోసేది ఎవురు మే, నువ్వా నేనా?"

"నేనే" అన్నాను.