జడ వేసుకోలేని పిల్ల బంతి వేయకూడదు

నా చిన్నప్పుడు మా స్కూల్లో మ్యాచ్ ఉందంటే బంతి వేసే పిల్లలు ముందు జడ విప్పుకునేవాళ్లు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. సింగపూర్‌లో టాంపినీస్ అనే పేటలో మా స్కూలు ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ జట్టు ఉండేది. బేస్‌బాల్ లాంటి ఆటే, బంతి కాస్త పెద్దది, చెయ్యి గిర్రున తిప్పి కిందనుంచి విసరాలి. మా కోచ్ చైనీస్ పెద్దాయన. మేమంతా అంకుల్ అనేవాళ్లం. మైదానం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, జడ విప్పి మళ్లీ అల్లుకోమనేవారు. రెండు చేతులూ తల వెనక్కి వెళ్లి, మొహంలో నొప్పి కనిపించకుండా జడ పూర్తయితేనే బంతి చేతికిచ్చేవారు. నొప్పి ఉందా అని అడిగితే పిల్లలు లేదనే అంటారని ఆయనకి బాగా తెలుసు. మిగతా కోచ్‌లు అరిచేవాళ్లు, పరిగెత్తించేవాళ్లు. ఈయన మాత్రం ‘మ్యాచ్ స్కూలుది, చెయ్యి నీది’ అని ఊరుకునేవారు.

మా జట్టులో బాగా బంతి వేసేది మా పక్కింటి అక్క. నాకంటే రెండేళ్లు పెద్దది. ఆ బంతి పట్టుకోవడం నా పని, రాత్రి అన్నం తింటుంటే కూడా అరచెయ్యి మండేది. అక్కకి నడుం దాటే జుట్టు. వాళ్లమ్మ ఆదివారం ఆదివారం నూనె పెట్టి, దువ్వి, మురిసిపోయేది.

అప్పట్లో మా బ్లాకులో తెలుగు ఇళ్లన్నీ కంప్యూటర్ ఉద్యోగాలతో కళకళలాడుతుండేవి. ఒకళ్లు కారు కొంటే ఇంకొకళ్లు పార్టీ ఇచ్చేవాళ్లు. ఉన్నట్టుండి కంపెనీలు మూతపడటం మొదలైంది. పెద్ద పెద్ద ఆఫీసులుండే రాఫెల్స్ ప్లేస్‌లో పనిచేసే అక్కావాళ్ల నాన్నగారి ఉద్యోగం పోయింది. ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా ఉండదు, కుటుంబమంతా ఇండియాకి సామాను సర్దుకోవాల్సిందే. అక్కకి మిగిలింది ఒక్కటే దారి. ఆటలో పేరొస్తే ఒక మంచి కాలేజీవాళ్లు సీటూ, హాస్టలూ ఇస్తామన్నారు. ఆ కాలేజీ వాళ్లు ఫైనల్ చూడటానికి వస్తామన్నారు. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క ఆట మీదే ప్రాణాలు పెట్టుకుని కూర్చున్నారు.

ఫైనల్ రోజు పొద్దున లిఫ్ట్ దగ్గర అక్కని చూసి ఎవరో అనుకున్నాను. మెడ మీదికి, అబ్బాయిలా, జుట్టు కత్తిరించేసి ఉంది. ‘పేలు పడ్డాయే’ అంది నా వంక చూడకుండా. పక్కన వాళ్లమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. కత్తెర పట్టింది ఆవిడే. భుజం వాచి అక్కకి చెయ్యి పైకి లేవటం లేదని, అంకుల్ జడ వేసుకోమంటే దొరికిపోతుందని, రాత్రంతా ఆలోచించి తల్లీకూతుళ్లు చేసిన పని అది. జుట్టే లేకపోతే ఇంక ఏం అల్లమంటారు అనుకున్నారు పాపం.

అంకుల్ అక్క తలని చాలాసేపు చూశారు. ఆయన మొహం అంత దిగాలుగా నేనెప్పుడూ చూడలేదు. తన చెయ్యి తన మెడ వెనక పెట్టుకుని, అలా చెయ్యమన్నట్టు చూపించారు. అక్క చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగబట్టింది, ఇంకొంచెం లేపింది, కళ్లనుంచి బొటబొటా నీళ్లు కారాయి. ఆయన బంతి తీసుకెళ్లి ఇంకో పిల్లకిచ్చారు.

అక్క వాళ్లమ్మ కంచె దాటి పరిగెత్తుకొచ్చింది. ‘సార్, ఈ ఒక్క ఆట సార్, మీ కాళ్లు పట్టుకుంటాను’ అని నిజంగానే వంగింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తల అడ్డంగా ఊపారు. అంతే. మేం చిత్తుగా ఓడిపోయాం. కాలేజీ వాళ్లు ఆట సగంలోనే లేచి వెళ్లిపోయారు. అక్క బెంచీ మీద తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ఫైనల్ పోగొట్టారని స్కూలు వాళ్లు అంకుల్‌ని ఇక రావద్దన్నారు. అక్కావాళ్లు ఫ్లాట్ ఖాళీ చేశారు. వెళ్లేముందు అక్క నాతో, ‘మీ అంకుల్‌కి నా భుజమే కనబడిందే, నేను కనబడలేదు’ అంది. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. అంకుల్ బ్యాట్లూ గ్లవ్సులూ అప్పజెప్పడానికి వచ్చిన రోజు కోపం పట్టలేక ఆ మాట ఆయన మొహం మీదే అనేశాను. ఆయన గ్లవ్సు దుమ్ము దులుపుతూనే ఉన్నారు. ‘కోపంగా ఉందా? ఉండనీ. నన్ను తిట్టుకోమను, చెయ్యి బాగు చేసుకోమను’ అన్నారు. ఆయన్ని మళ్లీ చూడలేదు. అక్క చెయ్యి బాగుపడిందో లేదో కూడా నాకు తెలియదు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. శనివారాలు పిల్లలకి ఈ ఆటే నేర్పుతున్నాను. అంకుల్ చేసింది రైటా అని ఎవరైనా అడిగితే రైటే అంటాను. కానీ అక్క అన్నది తప్పని మాత్రం చచ్చినా అనలేను. పోయిన నెల ఒక ముఖ్యమైన ఆటకి మోచెయ్యి నొప్పితో వచ్చిన పిల్లని పక్కన కూర్చోబెట్టాను. వాళ్లమ్మ నలుగురిలో నన్ను కడిగేసింది. ఆట అయ్యాక బెంచీ మీద పిల్ల పక్కన కూర్చున్నాను. అంకుల్ ఆ రోజు అక్క పక్కన ఇలా కూర్చోలేదు, నేనైనా కూర్చుందామనిపించింది. పిల్ల మొహం తిప్పుకుంది. చీకటి పడి, వాళ్లమ్మ వచ్చి పిలిచేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. వెళ్తూ వెళ్తూ, ‘ఐ హేట్ యూ, కోచ్’ అంది. సరేనమ్మా అన్నాను.