మంఖాల్ దారిలో తిరగేసిన రెక్క

విమానాలను దగ్గర నుంచి చూడటానికి శంషాబాద్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఈ వ్యాసం పనికొస్తుంది. రేసు కారు వెనకాల ఆ బల్లలాంటి రెక్క ఎందుకుంటుందో తెలియనివాళ్లకు ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే రాస్తున్న మనిషికి కూడా మొన్న ఆగస్టు దాకా తెలియదు. నేను ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యాను. మాది తెనాలి వైపు. ఉద్యోగాల కోసం వచ్చి హైదరాబాదులో, కొత్తపేటలో స్థిరపడ్డాం. మావారికి కారు రేసులంటే పిచ్చి. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో టీవీ ఆయన సొంతం. ఆ కార్లు చుట్టిందే చుట్టడం, ఈయన కళ్లార్పకుండా చూడటం, పక్కన నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకోవడం, ఇదీ మా ఆదివారం.

చూసి ఊరుకునే రకం కాదాయన. పక్కనున్నవాళ్లకు విడమరిచి చెప్పకపోతే అన్నం సయించదు. విమానం రెక్కను తిరగేసి బిగిస్తే అదే రేసు కారు రెక్క అని నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటారు. విమానం రెక్క పైకి లేపుతుందట, ఇది కిందికి నొక్కుతుందట. పరుగెత్తే కారును పట్టుకుని కిందికి నొక్కడమెందుకో, కంటికి కనిపించని గాలి ఎలా నొక్కుతుందో నా బుర్రకెక్కలేదు. పోయిన డిసెంబరులో, ఆస్పత్రిలో ఆఖరి వారం కూడా, మందుల చీటీ వెనక బొమ్మ గీసి, ఇప్పుడైనా అర్థమైందా అని అడిగారు. అర్థమైందన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను చెప్పింది అబద్ధం. ఆగస్టుకు ఆయన పోయి ఎనిమిది నెలలు. ఇల్లంతా బావురుమంటోంది, దానికి తోడు ఈ అబద్ధం ఒకటి లోపల గుచ్చుతోంది. అక్టోబరులో ఢిల్లీ దగ్గర, మన దేశంలో మొదటిసారి ఆ కార్ల పెద్ద రేసు జరగబోతోందని పేపర్లో చదివిన రోజు ఒక నిర్ణయానికొచ్చాను. ఆ రేసు మొదలయ్యేలోగా నేనన్న మాటను నిజం చేసుకోవాలి.

తిరగేసిన రెక్క అర్థం కావాలంటే ముందు తిన్నగా ఉన్న రెక్కను చూడాలి కదా అనుకున్నాను. వానాకాలంలో పడమటి గాలి వీస్తుందనీ, విమానం గాలికి ఎదురుగా దిగుతుందనీ, అందుకని ఆ రోజుల్లో విమానాశ్రయానికి తూర్పున ఉన్న మంఖాల్ వైపు నిలబడితే చక్రాలు కూడా కనిపిస్తాయనీ ఆయనే చెప్పేవారు. తీసుకెళ్తానని ఎన్నిసార్లన్నా మోకాళ్ల నొప్పులని తప్పించుకున్నాను. ఇప్పుడు అవే మోకాళ్లతో ఉదయం ఏడున్నరకు ఎల్.బి.నగర్‌లో బస్సెక్కాను. చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ చేరడానికి గంట పట్టింది. అక్కడి నుంచి శంషాబాద్‌కు షేర్ ఆటోలో పది రూపాయలు. చాంద్రాయణగుట్ట దగ్గరే దిగి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే మంఖాల్ ఇంకా దగ్గరని తర్వాత తెలిసింది. మా ఇద్దరిలో దారులన్నీ తెలిసిన మనిషి ఆయనే. నేను పక్క సీట్లో కూర్చుని కునికిపాట్లు పడేదాన్ని.

శంషాబాద్ బస్టాండు దగ్గర కిరాయి కార్లు వరసగా ఆగి ఉన్నాయి. వాటిలో ఒక తెల్ల ఇండికాను చూసి నా కాళ్లు ఆగిపోయాయి. దాని డిక్కీ మీద రెండు కాళ్లపై నిలబెట్టిన ఎర్రరంగు రేకు రెక్క. డ్రైవరు పేరు యాదగిరి, ముప్ఫై అయిదేళ్లుంటాయి, విమానాశ్రయం పక్కనే ఉన్న కొత్వాల్‌గూడ అతని ఊరు. మధ్యాహ్నం దాకా తిప్పి, ఆగమన్న చోటల్లా ఆగడానికి అయిదు వందల యాభైకి ఒప్పుకున్నాడు. కూర్చోగానే ఆ రెక్క గురించి అడిగాను. అడిగిందే చాలన్నట్టు మొదలుపెట్టాడు.

"గగన్‌పహాడ్ల సలీం భాయ్‌తోని చేపిచ్చినమ్మా. పొద్దుగాల లేస్తే మా ఇంటి మీదికెంచి విమానాలే పోతయి. గట్లనే చెయ్యమన్న. వంద దాటినంక ఎనక జర తేలుతది, లేస్తున్నట్టే ఉంటది."

ఆ తేలడం గురించి చెబుతున్నప్పుడు అతని గొంతులో గర్వం పొంగింది. ఆదివారం ఆదివారం భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ ఎక్కించుకుని ఔటర్ రింగు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుతాడట, పిల్లలు విమానం ఎక్కామని చప్పట్లు కొడతారట. నాకేమో మందుల చీటీ మీది బొమ్మ గుర్తొచ్చింది. ఆయన గీసినదాంట్లో బాణం గుర్తు కిందికి ఉంది. ఇతని కారేమో పైకి లేస్తోంది. ఎక్కడో ఏదో తేడా ఉందని అనిపించింది కానీ అదేమిటో చెప్పలేను, చెప్పలేని మాట మీద ఒకరి ముచ్చట ఎలా పాడుచేస్తాం? ఊరుకున్నాను. పెద్దదాన్ని ఒక్కదాన్నే విమానాలు చూడటానికి ఎందుకొచ్చానని అడిగాడు. మావారికి ఇష్టమనీ, ఆయన పోయి ఎనిమిది నెలలైందనీ చెప్పాను. అతను టేప్‌రికార్డరులో పాట ఆపేసి నెమ్మదిగా పోనిచ్చాడు.

మంఖాల్ దగ్గర పొలాల పక్కన కంకర దారిలో కారు నిలిపేసరికి పదయింది. అక్కడ నీడ లేదు, టీకొట్టు లేదు, గొడుగూ నీళ్లూ తీసుకెళ్లాల్సిందే. తొలి విమానం తూర్పు నుంచి మా నెత్తి మీదికి వచ్చినప్పుడు నిజంగానే తల వంచుకున్నాను. మూడోది వచ్చేసరికి భయం తగ్గి రెక్క మీద కన్ను నిలిచింది. రెక్క బల్లపరుపుగా ఉండదు. వీపు పైకి ఉబ్బి ఉంటుంది, దిగేటప్పుడు వెనకంచు కిందికి వంగి బోర్లించిన గరిటెలాగా కనిపిస్తుంది. గంటసేపు నిలబడి అంతవరకు తెలుసుకున్నాను. ఆ గరిటెను గాలి ఎందుకు పైకి ఎత్తాలో మాత్రం తెలియలేదు. ఇద్దరం వచ్చి ఉంటే ఆయన ఈపాటికి ఆ రోడ్డు మట్టిలోనే పుల్లతో బొమ్మ గీసేవారు. ఎండలో నిలబడి ఏడ్చాను. యాదగిరి కారు చక్రాలకు గాలి చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

తిరిగి శంషాబాద్ వచ్చి హైవే పక్కన ఒక చిన్న హోటల్లో ఆగాం. ప్లేటు ఉప్మా పద్దెనిమిది రూపాయలు, టీ ఆరు. వంటావిడే గిన్నెలు కూడా తోముకుంటోంది. చెయ్యి కడుక్కోవడానికి వెళ్తే ఆవిడ కుళాయి కింద చెంచాలను ఒకటొకటే తిప్పి కడుగుతోంది. చెంచా వీపు నీటిధారకు తగిలినప్పుడల్లా చెంచా ధారలోకి లాక్కున్నట్టు కదులుతోంది. ఆవిడనడిగి ఒక చెంచా తీసుకుని, కాడ చివర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, వీపును ధారకు ఆనించాను. నీళ్లు దాన్ని అవతలికి తోస్తాయనుకుంటాం. తొయ్యవు. చెంచాయే నీటి వైపు వెళ్లి అతుక్కుంది. నీళ్లు ఆ ఉబ్బును పట్టుకుని వంపు తిరిగి జారుతున్నాయి, అలా వంగిపోతూ చెంచాను తమ వైపు లాగుతున్నాయి. గాలి కూడా ఇలాగే జారుతుంది. ఉబ్బు ఎటు ఉంటే లాగుడు అటు. విమానానికి ఉబ్బు పైన, కాబట్టి పైకి లాగుతుంది. దాన్ని తిరగేస్తే ఉబ్బు కిందికి వస్తుంది, కాబట్టి కిందికి లాగుతుంది. ఇంతే. ఇరవై ఏళ్లుగా ఆయన చెప్పింది ఇంతే.

యాదగిరిని పిలిచి చెంచా చేతికిచ్చాను. రెండుసార్లు పట్టి చూశాడు, మూడోసారి తిరిగి బయట ఉన్న తన కారు వైపు చూశాడు. ఎర్ర రెక్క వీపు పైకే ఉంది. ఇక దాచి లాభం లేదు. "చూడు బాబూ, విమానానికి లేవడం పని, కారుకు నేలను పట్టుకోవడం పని. నీ కారు వెనక చక్రాలను గాలి నేల మీంచి లేపుతోంది. వానలో మలుపు తిరిగితే పిల్లలున్న కారు జారిపోతుంది," అన్నాను. అతను బయటికి వెళ్లి రెక్క వీపును చేత్తో తడిమి వచ్చాడు. టీ చల్లారిపోయింది. ఆ తర్వాత అడిగిన ప్రశ్నే నాకు మిగిలిన సగం నేర్పింది. పట్టు కావాలంటే డిక్కీలో బరువేస్తే సరిపోదా అన్నాడు, అని తనే జవాబు చెప్పుకున్నాడు.

"ఓసారి నాలుగు సిమెంటు బస్తాలు ఏసిన. ఎనక మంచిగనే కూసున్నది. గని బ్రేక్ కొడితే ఆగది, తిప్పితే తిరుగది."

అదీ సంగతి. టైరును ఎంత గట్టిగా నేలకు నొక్కితే అంత పట్టు, కానీ బస్తాలతో నొక్కితే ఆ బస్తాలనూ మోసుకు పరుగెత్తాలి, ఆపేటప్పుడు వాటినీ ఆపాలి. గాలి నొక్కితే బరువు పెరగదు, నొక్కుడు మాత్రం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ మరీ పెరుగుతుంది. అందుకే రేసు కారు మనం బోల్తా పడుతుందనుకునే వేగంలో కూడా మలుపు తిరిగి బయటపడుతుంది. ఈ పట్టు ఊరికే రాదు లెండి. ఆ రెక్క గాలికి అడ్డం కూడా కాబట్టి తిన్నటి దారిలో కొంత వేగం పోతుంది. మలుపుల్లో వచ్చే లాభం కోసం ఆ నష్టం భరిస్తారు. ముందు చక్రాలకు కూడా పట్టు కావాలని ముక్కు దగ్గర ఇంకో రెక్క పెడతారు. ఇవన్నీ ఆయన చెప్పగా విన్న ముక్కలే, నా చెవుల్లో విడివిడిగా పడి ఉన్నాయి, ఆ హోటల్ బల్ల దగ్గర ఒక చోటికి చేరాయి.

గగన్‌పహాడ్ శంషాబాద్ నుంచి ఆరాంఘర్ వచ్చే దారిలోనే ఉంది, అన్నీ షెడ్లూ కార్ఖానాలూ. రేకుల పని చేసే సలీం భాయ్ పెద్దవాడు, తెల్లగడ్డం. విషయం విని కోప్పడలేదు. గాలి గురించి తనకేం ఎరుకని, ఈ పిలగాడు విమానం లెక్క కావాలంటే విమానం లెక్కనే చేశానని, అయినా వంపు మంచిగా వచ్చిందా లేదా చెప్పమని నన్నే అడిగాడు. వంపు నిజంగానే బాగా వచ్చింది, అదే వచ్చిన చిక్కు. బోల్టులు విప్పి, రెక్కను తిరగేసి, ముందంచు కిందికీ వెనకంచు పైకీ ఉండేలా బిగించడానికి ముప్పావు గంట పట్టింది. తర్వాత యాదగిరి రింగు రోడ్డు మీద కొంత దూరం పరుగెత్తించాడు. నేను ముందు సీట్లో పై పిడి పట్టుకుని కూర్చున్నాను. ఎనక కూసున్నదమ్మా అన్నాడు. నాకు తేడా తెలియలేదు, నేను డ్రైవర్ను కాను. బిగుసుకుని ఉన్న అతని భుజాలు వదులయ్యాయి, అది మాత్రం చూశాను.

ఆరాంఘర్‌లో నన్ను దించే ముందు కారు పక్కకు ఆపి భార్యకు ఫోన్ చేశాడు. చెంచా, కుళాయి, విమానం, సిమెంటు బస్తాలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. పక్కన కూర్చున్న నాకు కూడా సరిగ్గా అందలేదు. చివర సమజైందా అని అడిగితే అటు నుంచి వెంటనే, చాలా ముద్దుగా, సమజైందన్న మాట వినిపించింది. వెనకాల కుక్కరు ఈల వేస్తోంది. అతను నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు.

"ఇంటికెళ్లాక చెంచా చేతికిచ్చి మళ్లీ చెప్పు బాబూ. ఆ అమ్మాయికి అర్థం కాలేదు," అన్నాను.

"సమజైందనే చెప్పింది గదమ్మా."

"నేనూ మావారికి అలాగే చెప్పాను."

అక్టోబరులో ఆ రేసును టీవీలో మొదటి నుంచి చివరి దాకా చూశాను. చేతిలో కూర లేదు, కునుకు లేదు. ఒక కారు మలుపులో అదుపు తప్పబోయి మళ్లీ నేలను పట్టుకున్నప్పుడు అది ఎందుకు జారలేదో నాకు తెలిసింది. తెలిసిందని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. అబద్ధాన్ని నిజం చేసుకుంటే గుండె తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఆయన నాకు చెబుతూ గడిపిన ఆ ఆదివారాల్లో ఎంత ఆశతో చెప్పారో ఇప్పుడే తెలుస్తోంది, అంతే. ఇక వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. పడమటి గాలి ఉండగానే, అంటే సెప్టెంబరు దాటకుండా, పొద్దున పదిలోపు మంఖాల్ చేరుకోండి. మీ ఇంట్లో ఏ సంగతైనా పదేపదే చెప్పే మనిషి ఉంటే వాళ్లను కూడా తీసుకెళ్లండి, అర్థం కాకపోతే కాలేదని అక్కడే చెప్పండి. వాళ్లు మళ్లీ మొదటి నుంచి చెబుతారు.