కరియ గొంతులో పోసిన నీళ్లు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే మాట కాదు. పొద్దున ఎదురింటివాళ్లు కొత్తగా వేసిన సిమెంటు కప్పు మీద పైపుతో నీళ్లు కొడుతుంటే, ఎండకు కాగిన సిమెంటు తడిసిన వాసన మా వంటింట్లోకి వచ్చింది. చేతిలో గరిటె ఆగిపోయింది. పద్మమ్మ గుర్తొచ్చింది.

పద్మమ్మ పశువుల డాక్టరు. ఉద్యోగం అయిపోయాక వర్తూరులో చిన్న ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉండేది. నేను ఆమె ఇంట్లో వంట చేసేదాన్ని. వీధిలో ఎవరి కుక్కకు ఏమైనా ఆమె గుమ్మం ముందుకే తెచ్చేవారు. ఒకరోజు పక్కింటి కుక్కపిల్లకు గొంతులో ఎముక ఇరుక్కుని ఊపిరి ఆగింది. ఆమె నోరు తెరిచి ఎముక లాగేసి, నాలుక ముందుకు తీసి, మూతి మూసి పట్టుకుని ముక్కులోకి ఊపిరి ఊదింది. పిల్ల కదిలింది.

"కుక్క మూతికి నోరు పెడితివే, ఆ నోటితోనే నా చారు తాగుతావామ్మా?" అన్నాను.

"నీ చారు కంటే ఇదే మేలుగా ఉండాదిలే," అంది. "రేపు నా మోకాళ్లు వంగకపోతే నువ్వే ఊదాల. రా, నేర్చుకో."

పాత దుప్పటి చుట్టి, అదే పక్కకు తిరిగి పడుకున్న కుక్క అనుకోమంది. గుండె ఆగితే ముందుకాలి మోచేయి రొమ్మును తాకే చోట అరచేతులు ఎలా ఆనించాలో, ఎంత గట్టిగా నొక్కాలో, రొమ్ము మళ్లీ లేవడానికి ఎలా వదలాలో చూపించింది. బడికి పోని నాకు ఆ దుప్పటే పలక.

ఆ వేసవిలో వీధి చివర కడుతున్న ఇంటికి మల్లప్ప కావలి ఉండేవాడు. మడకశిర వైపు మనిషి. భార్య పోయాక అతనికి తోడు కరియ అనే నల్లకుక్క ఒక్కటే. అన్నం వండితే ముందు దాని పళ్లెంలోనే పెట్టేవాడు. ఒక మిట్టమధ్యాహ్నం పరుగున వచ్చాడు.

"అమ్మా, నా కరియ పడిపోయినాది."

మేం వెళ్లేసరికి అది అప్పుడే తడిపిన సిమెంటు గోడ పక్కన ఇసుక మీద పడి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. "ఒంటి మీద పోయాల, నీళ్లు తేప్పా," అని మల్లప్పను పంపి, పద్మమ్మ దాని రొమ్ము మీద చెయ్యి పెట్టింది.

"గుండె ఆడతా ఉండాది. నీడకు లాగు," అంది నాతో.

లాగి, ఇద్దరం కొంగులతో విసురుతున్నాం. మల్లప్ప తెచ్చిన చెంబు మేం చెయ్యి అడ్డం పెట్టేలోపు దాని నోట్లో వంచేశాడు. పోయే ప్రాణానికి గొంతు తడపడం మన ఇళ్లలో అందరూ చేసేదే. కానీ స్పృహ లేని గొంతుకు మింగడం రాదు. నీళ్లు ఊపిరి దారిలోకి దిగాయి. కరియ ఒకసారి గరగరమని ఆగిపోయింది.

పద్మమ్మ దాని తల కిందికి వంచి నీళ్లు కార్చింది. నేను నొక్కాను, ఆమె ఊదింది. చాలాసేపు. చివరికి నా చేతుల మీద చెయ్యి వేసి, "చాలు," అంది.

"నేను నీళ్లు పోసినందుకే పాయనా అమ్మా?" అని అడిగాడు మల్లప్ప.

కూరలో ఉప్పు ఎక్కువైతే మొహం మీదే చెప్పే మనిషి ఆమె. నేను తల దించుకున్నాను.

"కాదప్పా. నువ్వు వచ్చేలోపలే దాని గుండె నిలిచిపోయినాది. కడపటి చుక్క నీ చేతిది, అంతే."

మల్లప్ప భుజం మీది తువ్వాలు తీసి కరియకు కప్పాడు.

దారిలో నేనేదో అడగబోయాను. "కరియకు ఇంక నా నిజంతో పనిలేదు," అంది. "ఆయప్ప రేపు ఆ గుడిసెలోనే లేసి అన్నం వండుకోవాల."

ఆ సాయంత్రం ఆమె కంచం ముట్టలేదు. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, స్పృహ తప్పిన కుక్క నోట్లో నీళ్లు పోయొద్దని చెప్పి వచ్చింది, మల్లప్ప గుడిసె ఒక్కటి తప్ప. "నొక్కేది నేర్పిస్తి గానీ ఇది ముందే చెప్పాలని తోచలేదే," అని నాతో అనేది. ఆ తర్వాత నా చారును ఎన్నడూ ఎగతాళి చేయలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు, అందుకే చెప్పాను. ఆమె నేర్పిన పనితో కొన్ని ప్రాణాలు నిలిపాను, కొన్ని నిలపలేకపోయాను. నిలవనప్పుడు కుక్కను ఒళ్లో పెట్టుకున్నవాళ్లు తలెత్తి నా ముఖంలోకి చూస్తారు. అప్పుడు నా నోటినుంచి వచ్చేది పద్మమ్మ గొంతే.

మీ ఇంట ఎవరికీ అలా తలెత్తి అడగాల్సిన రోజు రాకూడదు. మీ గడప లోపల మనిషీ, మూగజీవీ కడుపు నిండా తిని, నీడపట్టున చల్లగా ఉండాలి.