గురునాథం గారి లాంగన్ చెట్టు

సునామీలో గురునాథం గారికి పోయిన కొబ్బరిచెట్లు ఏడాదికేడాది పెరుగుతూ వచ్చాయి. మొదట ఇరవై అన్నారు. రెండేళ్లకి నలభై అయ్యాయి. మా దీవిలో, ఈ ప్రోతరాపూర్‌లో కొత్తగా దిగినవాళ్లకి చెప్పేటప్పటికి అదొక తోటయి, మధ్యలో బావి కూడా వెలిసింది. పోయిన మాట మాత్రం నిజం. సిప్పీఘాట్ పల్లంలో ఉండేది ఆయన ఇల్లు. ఆ ఆదివారం పొద్దున్న సముద్రం పెరట్లోకి వచ్చింది, తిరిగి వెళ్లడం మర్చిపోయింది. మొగుడూ పెళ్లాం కట్టుబట్టలతో గట్టెక్కి, ఏడాది తిరిగాక మా గోడ పక్కన, ఏటవాలు నేలలో చిన్న ఇల్లు కట్టుకున్నారు.

ఆయన హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. కొబ్బరీ పోకా అందరి పెరళ్లలోనూ ఉన్నాయి కాబట్టి తన పెరట్లో ఉండకూడదని నిశ్చయించారు. కలకత్తా ఓడలో వచ్చే తెలిసినాయన చేత లాంగన్ అంటుమొక్క తెప్పించారు. లాంగన్ అంటే లిచీకి తమ్ముడి వరస. కాయ గోళీ అంత, తొక్క మట్టిరంగు, ఒలిస్తే నీరుకారే తెల్ల గుజ్జు, మధ్యలో నల్లటి గింజ. ఇదంతా ఆయన చెబితేనే మాకు తెలిసింది. ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు, ఆయనా ఎప్పుడూ తిన్న పాపాన పోలేదు.

చిక్కల్లా నాటిన చోటుతో వచ్చింది. ఆ పెరట్లో చదునైన జాగా అదొక్కటే. అక్కడ సిమెంటు ట్యాంకు కట్టించుకోవాలని ఆయన భార్య సింహాచలమ్మ గారి కోరిక. మాకిక్కడ జనవరి దాటితే కుళాయి మూడ్రోజులకోసారి వస్తుంది. అదీ అరగంట. ఆ అరగంటలో డ్రమ్ములూ బిందెలూ తపేలాలూ, ఆఖరికి పప్పుగిన్నెలు కూడా నింపుకుంటాం. అలా నింపిన దాంట్లోంచి రోజుకి నాలుగు బకెట్లు లాంగన్‌కి వెళ్లేవి. గురునాథం గారు తువ్వాలు తడిపి ఒళ్లు తుడుచుకునేవారు గానీ చెట్టుకి తక్కువ చేసేవారు కాదు. భార్యని కూడా అలాగే తుడుచుకోమనేవారు.

చెట్టు మహా ఏపుగా పెరిగింది. ఏడేళ్లకి ఇంటి కప్పు దాటింది. ఆకులు చూస్తే కళ్లు చల్లబడేవి. పూత మాత్రం లేదు, ఒక్క రేకు కూడా.

"ప్రొబేషన్‌లో ఉంది" అనేవారాయన. ఏడేళ్ల ప్రొబేషన్ ఏ డిపార్టుమెంటులో ఉందో మేం అడగలేదు.

ఒక డిసెంబరులో సింహాచలమ్మ గారికి ఓపిక అయిపోయింది. వాళ్ల వరండాలో నేనూ, సిమెంటు కొట్టు అప్పలరాముడూ ఉండగానే తేల్చేశారు.

"ఏటండీ, నాకు ఇప్పుడే తేలాల. చెట్టా, ట్యాంకా?"

"నలుగురిలో ఏమిటా మాటలు?"

"నలుగురు ఉన్నారనే అడుగుతున్నాను. ఇంట్లో అడిగితే మీకు వినబడదు కదా."

ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "రాసుకో! ఉగాదికి పూత రాకపోతే నా చేత్తో నేనే నరికిస్తాను. వచ్చిందో, ట్యాంకు మాట మళ్లీ ఎత్తకూడదు."

"ఎత్తను. భయ్యా, నువ్వు సాక్షి" అన్నారావిడ అప్పలరాముడితో.

మర్నాటినించి నాలుగు బకెట్లు ఆరయ్యాయి. ఇంకా ఎన్ని అయ్యేవో గానీ, జనవరిలో ఆయన శుక్లాల ఆపరేషన్‌కి విశాఖపట్నం ఓడ ఎక్కాల్సి వచ్చింది. ఒక కన్నయ్యాక రెండోది, ఆపైన తిరుగు ఓడ రద్దు. మొత్తం రెండు నెలల పైమాట. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. కళ్లద్దాల సంగతి కాదు, చెట్టు సంగతే.

"పోశావా?"

"పోశానండీ."

"ఆరూ?"

"ఏడు పోశాను. పాపం, ఎండగా ఉందని."

నేను పక్కనే కూచునేదాన్ని. ఆవిడ ఒక్క చెంబు పోసి ఎరగరు. చెట్టు నాటిన ఇన్నేళ్లకి నిండు బకెట్టుతో తలంటు పోసుకున్నారు, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికి మా గోడ మీద ఆరేశారు. చెట్టు కింద నేల నెర్రెలిచ్చింది, ఆకులు వేలాడాయి. నరికే శ్రమ కూడా ఉండదని ఆవిడ ఆశ. నేను నోరు మెదపలేదు. రెండు బిందెలు మా ఇంటికీ వచ్చేవి మరి.

ఉగాదికి వారం ముందు ఆయన దిగారు. నల్ల కళ్లద్దాలతో నేరుగా పెరట్లోకి వెళ్లి, అక్కణ్ణించి ఒక్క కేక పెట్టారు. పాము అనుకుని నేను గోడ దూకినంత పని చేశాను. చూస్తే, చెట్టు నిండా గుత్తులు గుత్తులుగా పూత, మామిడిపూత రంగులో. తేనెటీగలు కూడా వచ్చేశాయి. సింహాచలమ్మ గారి మొహం చూడాలి అప్పుడు. కట్టని ట్యాంకు కళ్ల ముందే కూలిపోయినట్టుంది.

ఉగాది రోజున వీధినంతటినీ పిలిచారాయన. చెట్టు కింద పచ్చడి పంచుతూ, సేవ అంటే ఏమిటో, రోజుకి ఆరు బకెట్ల నియమం ఏమిటో ఉపన్యాసం ఇచ్చారు. ట్యాంకులు ఎవరైనా కట్టుకోగలరు, పండ్లచెట్టు పెంచడం అందరి వల్లా కాదన్నారు. ఆ మాట భార్య వైపు తిరిగి అన్నారు.

తోటల విభాగంలో పనిచేసే లోకేష్ కూడా వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి, నేల తొక్కి చూశాడు.

"అరే అంకుల్, కమాల్ కర్ దియా! రెండు నెలలు పూరా ఎండగట్టారు కదా? మన వేడికి లాంగన్ అలాగే పూస్తుంది. ఎండల్లో నీళ్లు పోస్తే ఆకే తప్ప పూత రాదు. ఈ సంగతి తెలీక చాలామంది రోజూ పోసి పాడుచేస్తారు."

వీధి వీధంతా పచ్చడి గిన్నెల్లోకి చూసుకుంది. అప్పలరాముడికి పొలమారింది.

గురునాథం గారు కళ్లద్దాలు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లు ఆఫీసు చూసిన మనిషి ఊరికే దొరుకుతాడా?

"అవునవును. అదే కదా, ఆఖర్న నేనే ఫోన్లో చెప్పాను, నీళ్లు ఆపేయమని. ఏమే?"

ఆవిడ కాదంటే వీధి పగలబడి నవ్వడానికి సిద్ధంగా ఉంది. నేనైతే కాదనేదాన్నే. ఆవిడ కొంగు సర్దుకుని, నిదానంగా అన్నారు:

"అవునండీ. ఆయనే చెప్పారు. ఇంకోటి కూడా చెప్పారు. చెట్టు దాని చోట్లో ఉంటుంది, ట్యాంకు వరండాలో కట్టించీమన్నారు. నేనైతే ఆ మాట ఎత్తనని ఒట్టేశాను గానీ, ఆయనే ఎత్తితే ఏటి చేస్తాను?"

గురునాథం గారు నోరు తెరిచారు. రెండో మాట చెప్పలేదంటే మొదటి మాట ఎక్కడ నిలబడుతుంది? మూసేశారు.

"సార్, సిమెంటు పొద్దున్నే పంపిస్తాను" అన్నాడు అప్పలరాముడు.

వరండా మొత్తం ట్యాంకుకే సరిపోయింది. గురునాథం గారి కుర్చీకి చోటు లేక, ఆయన ట్యాంకు మూత మీదే దిండు వేసుకుని కూచుంటున్నారు. నీళ్లు తోడడానికి వచ్చినప్పుడల్లా సింహాచలమ్మ గారు "కొంచెం లేస్తారా?" అంటారు. చాలా మర్యాదగా, రోజుకి పదిసార్లు.